ఒక్కో కన్నూ విడివిడిగా: పిల్లల చూపును కనిపెట్టడం, కాపాడుకోవడం

ఆ సంక్రాంతికి మా అమ్మాయికి ఆరేళ్లు నిండాయి. పాత క్యాలెండరు కాగితాన్ని గొట్టంలా చుట్టుకుని డాబా మీద గాలిపటాలు చూస్తోంది. కుడి కంటికి పెట్టుకున్నంత సేపూ రంగులు, తోకలు వరసగా చెప్పింది. ఎడమ కంటికి మార్చుకోగానే గొట్టాన్ని దులిపింది. లోపలికి ఊదింది. మళ్లీ పెట్టుకుంది. "అమ్మా, ఇటువైపు గొట్టం పనిచేయడం లేదు" అంది.

పండగ వెళ్లాక కంటి ఆసుపత్రిలో తేలింది. కుడి కన్ను బాగుంది, ఎడమ కంటికి ప్లస్ నాలుగున్నర. చార్టులో పై రెండు మూడు వరసలు తప్ప ఆ కంటికి ఏమీ ఆనడం లేదు. అప్పటిదాకా ఆ పిల్ల టీవీకి దగ్గరగా కూర్చోలేదు, తలనొప్పి అనలేదు, పుస్తకాన్ని ముక్కుకు ఆనించుకోలేదు. నేను ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. రోజంతా పిల్లల ముఖాలు చూసే నాకే ఇంట్లో పిల్ల సంగతి తెలియలేదు.

పిల్లలు "కనబడటం లేదు" అని చెప్పరు. పుట్టినప్పటి నుంచి లోకం మసకగానే ఉంటే లోకమే అంత అనుకుంటారు. ఒక కన్ను బాగుంటే ఆ మసక కూడా తెలియదు, మంచి కన్నే ఇద్దరి పనీ చేస్తుంది. అందుకే ఇక్కడ చెప్పే ఏ పరీక్ష అయినా ఒక్కో కంటికీ విడిగా చేయండి. మిగతావి మరిచిపోయినా ఈ ఒక్కటీ మరవకండి.

మొదటి మెట్టు: చంటిబిడ్డ

పుట్టిన బిడ్డకు జానెడు దూరంలో ఉన్న ముఖమే కాస్త స్పష్టంగా ఆనుతుంది. అంటే పాలిచ్చే తల్లి ముఖం. ఆరు నుంచి ఎనిమిది వారాలు వచ్చేసరికి కళ్లలోకి చూసి నవ్వాలి. మూడు నెలలకు కదిలే బొమ్మ వెంట చూపు తిప్పాలి. గిలక శబ్దానికి తిరగడం వినికిడి సంగతి, కాబట్టి చప్పుడు చేయని ఎర్రటి బంతితో చూడండి.

మొదటి నెలల్లో కళ్లు అప్పుడప్పుడు పక్కకు పోవడం మామూలే. నాలుగు నెలలు దాటాక కూడా పోతుంటే అది మెల్లకన్నే. మెల్లకన్ను అదృష్టమని పెద్దవాళ్లు అంటే నవ్వి ఊరుకోండి కానీ డాక్టరు దగ్గరికి వెళ్లడం మాత్రం ఆపకండి. కొందరు పిల్లలకు ముక్కు దూలం వెడల్పుగా ఉండి, కళ్లు సరిగ్గా ఉన్నా మెల్లగా అనిపిస్తాయి. తేడా తెలియాలంటే మూరెడు దూరం నుంచి సెల్‌ఫోను లైటును ఒక్క క్షణం ముఖం మీద వేయండి. రెండు నల్లగుడ్లలోనూ తెల్లటి చుక్క ఒకే చోట మెరిస్తే కళ్లు తిన్నగా ఉన్నట్టే. ఒకదానిలో మధ్యన, రెండోదానిలో అంచున మెరిస్తే చూపించాల్సిందే.

ఇక ఆలస్యం చేయకూడని సంగతులు. ఫ్లాష్‌తో తీసిన ఫొటోలో ఒక కంటిపాప ఎర్రగా, రెండోది తెల్లగా పడితే, లేదా మామూలుగానే కంటిపాపలో తెల్లని మెరుపు కనిపిస్తే, ఆ వారంలోనే కంటి డాక్టరుకు చూపించండి. అది పుట్టుకతో వచ్చిన శుక్లం కావచ్చు, కంటి లోపలి పొరలో వచ్చే రెటినోబ్లాస్టోమా అనే క్యాన్సర్ కావచ్చు. ఒక్కోసారి ఏమీ కాకపోవచ్చు కూడా, కానీ ఆ మాట డాక్టరే చెప్పాలి. బిడ్డ కళ్లు చాలా పెద్దవిగా, అందంగా ఉన్నాయని అందరూ మెచ్చుకుంటుంటే, దాంతోపాటు నీరు కారడం, వెలుతురుకు కళ్లు మూసుకోవడం, నల్లగుడ్డు మీద పొగ పట్టినట్టు ఉండటం కూడా గమనిస్తే, మురిసిపోయే సమయం కాదది. పసిపిల్లల్లో గ్లకోమా, అంటే కంటి లోపల ఒత్తిడి పెరిగి చూపును దెబ్బతీసే జబ్బు, అలాగే మొదలవుతుంది.

ఎరుపూ వాపూ లేకుండా ఉత్తి నీరు, పుసి మాత్రమే వస్తుంటే అది ఎక్కువగా కన్నీటి గొట్టం పూర్తిగా తెరుచుకోకపోవడం వల్లే. ముక్కు పక్కన కంటి మూల దగ్గర శుభ్రమైన వేలితో నొక్కి కిందికి రాయడం డాక్టరో నర్సో చూపిస్తారు. ఏడాది నిండేలోపు చాలామందికి అదే తెరుచుకుంటుంది. ఆముదం, చనుబాలు, ఇంట్లో పట్టిన కాటుక కంట్లో వేయవద్దు. కాటుక దిష్టిచుక్కగా అరికాలికి పెట్టినా దిష్టి పోతుందట, మా అమ్మమ్మే చెప్పింది.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల సంగతి వేరు. 34 వారాల కంటే ముందు పుట్టినా, 2 కిలోల కంటే తక్కువ బరువున్నా, పుట్టిన నెలలోపు రెటీనా (కంటి లోపలి పొర) పరీక్ష జరగాలి. మరీ తక్కువ బరువుతో పుట్టినవారికి రెండు మూడు వారాలకే. వీరి కంటి లోపలి రక్తనాళాలు దారి తప్పి పెరిగి చూపును శాశ్వతంగా పోగొట్టగలవు. గడువులోపు చూస్తే లేజర్‌తోనో ఇంజెక్షన్‌తోనో ఆపవచ్చు. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు ఎవరూ గుర్తు చేయకపోతే మీరే అడగండి.

రెండో మెట్టు: నడక నుంచి బడి దాకా

తల ఒక పక్కకు వాల్చి చూడటం, ఎండలో ఒక కన్నే మూసుకోవడం, దూరంగా ఉన్నదాన్ని కళ్లు చికిలించి చూడటం, మెట్లు దిగేటప్పుడు తడుముకోవడం, బంతి ఎప్పుడూ చేతి పక్కనుంచి జారిపోవడం. ఇవి ఇంట్లో కనబడేవి. సాయంత్రం దీపం పెట్టే వేళకు పిల్ల గోడ పట్టుకుని నడుస్తుంటే రేచీకటి ఉందేమో చూడాలి. అది విటమిన్ ఎ లోపానికి మొదటి గుర్తు. తొమ్మిదో నెలలో లక్ష యూనిట్లు, ఆ తర్వాత ఐదేళ్లు వచ్చే వరకు ఆరు నెలలకోసారి రెండేసి లక్షల యూనిట్ల చొప్పున ఆ ద్రావణం ఇస్తారు. ఏఎన్‌ఎం దగ్గర మీ బిడ్డ కార్డులో ఎన్ని డోసులు నమోదయ్యాయో లెక్క చూసుకోండి.

తరగతి గదిలో కనబడేవి వేరే ఉంటాయి. మా తరగతిలో ఒక అబ్బాయి బోర్డు మీది లెక్కలన్నీ రాసేవాడు, ఒక్కటీ తప్పు పోయేది కాదు. పక్కవాడు సెలవు పెట్టిన రోజున పుస్తకం ఖాళీ. నేను బద్ధకమని కోప్పడ్డాను కూడా. రెండోసారి అలా జరిగినప్పుడే, వాడు బోర్డు కాక పక్కవాడి పుస్తకం చూసి రాస్తున్నాడని అర్థమైంది. పరీక్ష చేయిస్తే రెండు కళ్లకూ మైనస్ మూడు. చదువులో వెనకబడిన పిల్లవాడిని ట్యూషన్‌కు పంపే ముందు ఒకసారి కంటి పరీక్షకు పంపమని తల్లిదండ్రులకు చెబుతూ ఉంటాను.

మూడో మెట్టు: ఇంట్లో చేసే పరీక్ష

నాలుగేళ్లు దాటిన పిల్లలకు ఇది చేయవచ్చు. పదిహేను నిమిషాల పని. అక్షరాలు రావాల్సిన అవసరం లేదు.

తెల్లటి అట్టముక్క తీసుకుని, నల్ల పెన్నుతో ఇంగ్లిషు 'ఈ' అక్షరం గీయండి. నాలుగేళ్ల వారికి ఎత్తూ వెడల్పూ 9 మిల్లీమీటర్లు, ఐదేళ్లు దాటినవారికి 6.5 మిల్లీమీటర్లు. మూడు అడ్డగీతలూ వాటి మధ్య రెండు ఖాళీలూ ఒకే మందంలో ఉండాలి. చేత్తో కుదరకపోతే కంప్యూటర్‌లో గీసి ప్రింటు తీసి స్కేలుతో కొలవండి. ఫోనులో దొరికే చార్టులను నేను నమ్మను, ఒక్కో ఫోనులో ఒక్కో సైజులో కనబడతాయి.

పిల్ల కూర్చునే కుర్చీ నుంచి గోడకు టేపుతో సరిగ్గా 3 మీటర్లు కొలవండి. అట్ట పిల్ల కళ్ల ఎత్తులో ఉండాలి, దాని మీద వెలుతురు పడాలి. కిటికీకి ఎదురుగా ఉన్న గోడ మంచిది. కిటికీయే అట్ట వెనక ఉంటే పరీక్ష చెడుతుంది.

ముందు దగ్గర నుంచి ఆట నేర్పండి. "దీనికి మూడు వేళ్లున్నాయి, ఎటు చూపిస్తోందో నువ్వూ చేత్తో అటే చూపించు." పైకి, కిందికి, కుడికి, ఎడమకు తిప్పి, తప్పు లేకుండా చేసేదాకా ఆడండి. మాటతో చెప్పమనవద్దు. కుడి, ఎడమ తికమక పడే వయసది.

ఇప్పుడు అసలు కిటుకు. చేత్తో కన్ను మూసుకోమంటే వేళ్ల సందుల్లోంచి చూస్తారు. గట్టిగా అదిమి మూసుకుంటే ఆ తర్వాత ఆ కంటికి కాసేపు మసక కమ్ముతుంది. మా బడిలో మేము దూదిని మడిచి, కాగితపు ప్లాస్టరుతో అతికిస్తాం. పెద్ద గరిటె అడ్డం పెట్టినా సరే. పక్కన ఒకరు నిలబడి తొంగిచూడకుండా గమనించాలి. మొదట ఎడమ కన్ను మూసి, అట్టను ఐదుసార్లు తిప్పి చూపండి. ప్రతిసారీ వెనక్కి దాచి తిప్పండి. ఐదింటిలో నాలుగు సరిగా చూపిస్తే ఆ కన్ను గట్టెక్కినట్టు. తర్వాత కుడి కన్ను మూయండి, వరస మార్చండి. తెలివైన పిల్లలు మొదటి వరసను బట్టీపట్టేస్తారు.

మధ్యలో కొన్నింటిని గమనించండి. ఒక కన్ను మూస్తే హాయిగా కూర్చుని, రెండోది మూయగానే దూది పీకేసి ఏడిస్తే, అది మొండితనం కాకపోవచ్చు. మీరు మంచి కన్ను మూశారు. రెండేళ్ల పసివాళ్లలో కూడా ఈ తేడా పట్టుకోవచ్చు. ఆడుకుంటుండగా మీ అరచేతిని ఒక్కో కంటికీ మార్చి మార్చి అడ్డం పెట్టి, ఎప్పుడు తోసేస్తారో చూడండి.

ఏ కంటికైనా నాలుగు రాకపోతే మరో రోజు పొద్దున్నే మళ్లీ చేయండి. అప్పుడూ రాకపోతే ఆసుపత్రికి వెళ్లండి. వచ్చినంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదు. ప్లస్ నంబరు ఉన్న పిల్లలు కంటి కండరాలను బిగించి కొన్నిసార్లు ఈ పరీక్షను దాటేస్తారు. కాబట్టి ఇంటి పరీక్ష ఎలా ఉన్నా, బడిలో వేసే ముందు, మూడు నాలుగేళ్ల వయసులో ఒకసారి డాక్టరు చూడాలి. అమ్మానాన్నల్లో ఎవరికైనా చిన్నప్పటి నుంచి కళ్లజోడో మెల్లకన్నో ఉంటే ఇంకా ముందే.

నాలుగో మెట్టు: ఆసుపత్రిలో

కళ్లద్దాల షాపులో కంప్యూటర్ పరీక్ష చేయించి అద్దాలు తీసుకోవడం పెద్దలకు నడుస్తుందేమో. పిల్లలకు నడవదు. యంత్రంలోకి తొంగిచూస్తూ కండరం బిగించేసరికి లేని మైనస్ కనబడుతుంది, ఉన్న ప్లస్ దాక్కుంటుంది. అందుకే డాక్టర్లు చుక్కల మందు వేసి, కండరాన్ని సడలించి, అప్పుడు చూస్తారు. మరీ చిన్నవాళ్లకు మూడు రోజులపాటు ఇంట్లో వేసుకోమని అట్రోపిన్ ఆయింట్‌మెంటు రాయవచ్చు. అది వేశాక వెలుతురు పడకపోవడం, దగ్గరివి మసకబారడం పది పన్నెండు రోజుల వరకు ఉంటుంది. ముఖం ఎర్రబడినా, జ్వరం వచ్చినా వేయడం ఆపి ఆసుపత్రికి ఫోను చేయండి. మందు రాసిన చేతులు కడుక్కోండి, పిల్లల చేతులు కూడా. చుక్కలు వేసిన ఆసుపత్రి నుంచి తిరిగొచ్చేటప్పుడు ఒక టోపీ ఉంటే మేలు.

ఎక్కడికి వెళ్లాలన్నది చాలామంది అడిగే ప్రశ్న. జిల్లా ఆసుపత్రిలో కంటి విభాగం ఉంటుంది. హైదరాబాద్‌లో సరోజినీ దేవి కంటి ఆసుపత్రి, విశాఖపట్నంలోనూ కర్నూలులోనూ ప్రాంతీయ కంటి ఆసుపత్రులు ప్రభుత్వానివి. 1987లో హైదరాబాద్‌లో మొదలైన ఎల్వీ ప్రసాద్ సంస్థకు పల్లెటూళ్లలో దృష్టి కేంద్రాలున్నాయి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి రావాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో ప్రారంభించిన కంటి వెలుగు అనే కంటి పరీక్షల పథకం, బడి పిల్లలతోనే మొదలైంది. శిబిరం వచ్చిన రోజున పిల్లను బడి మాన్పించకండి. శిబిరంలో అనుమానం రాసిస్తే అక్కడితో ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. నేను చూసినంతలో చీటీలు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే, పిల్ల సంచి అడుగున.

ఐదో మెట్టు: చీటీ, కళ్లజోడు

చీటీలో కుడి, ఎడమ కళ్లకు వేర్వేరు వరసలుంటాయి. మొదటి గడిలో మైనస్ ఉంటే దూరం మసక, ప్లస్ ఉంటే కన్ను శ్రమపడుతోందని అర్థం. సిలిండర్ గడిలో అంకె ఉంటే నల్లగుడ్డు వంపు అన్ని వైపులా సమంగా లేదని. దానికి పక్కనుండే డిగ్రీలు తప్పితే అద్దం పెట్టుకున్నా లాభం లేదు. రెండు కళ్ల అంకెల మధ్య ఒకటిన్నరకు మించి తేడా ఉంటే, లేజీ ఐ (ఒక కంటి చూపును మెదడు పట్టించుకోకపోవడం) ఉందా అని డాక్టరును నోరు తెరిచి అడగండి.

అద్దాలు పగలని పాలికార్బనేట్‌వి అడగండి. ఫ్రేము ముక్కు మీద నుంచి జారకూడదు. జారితే పిల్లలు అద్దం పైనుంచి చూస్తారు, డబ్బు దండగ. "పెరుగుతాడు కదా" అని ఒక సైజు పెద్దది కొనడం చొక్కాలకు సరిపోతుంది, కళ్లజోడుకు కాదు.

కళ్లజోడు పెట్టుకుంటే నంబరు పెరుగుతుందన్న మాట నిజం కాదు. నంబరు తగ్గించి రాయమని డాక్టరును బతిమాలడమూ తప్పే. సైటు ఉన్న పిల్లలకు తక్కువ నంబరు ఇస్తే మంచి జరగదని పరిశోధనల్లో తేలింది. ఆడపిల్ల కాబట్టి ఇప్పటి నుంచీ కళ్లజోడెందుకు అనే పిన్నులూ అత్తయ్యలూ ప్రతి ఇంట్లోనూ ఉంటారు. మా ఇంట్లో ఆ మాట వచ్చినప్పుడు మా వారు తన కళ్లజోడు తీసి అత్తయ్యగారి చేతిలో పెట్టి, "నేనూ మానేస్తాను, బండి మీరు నడపండి" అన్నారు. ఆ చర్చ మళ్లీ రాలేదు.

ఆరో మెట్టు: ప్యాచ్ రోజులు

లేజీ ఐ అంటే కన్ను సోమరిది కావడం కాదు. మసక బొమ్మ పంపుతున్న కంటిని మెదడు పట్టించుకోవడం మానేస్తుంది. కళ్లజోడుతో బొమ్మ స్పష్టమైనా మెదడు ఇంకా ఆ కంటిని వినదు. అప్పుడు మంచి కన్ను మూసుకుపోయేలా ప్యాచ్ అనే అతుకు వేసి, బలహీనమైన కంటితో పని చేయిస్తారు. మధ్యస్థంగా ఉంటే రోజుకు రెండు గంటలు, తీవ్రంగా ఉంటే ఆరు గంటలు సాధారణంగా చెబుతారు. ఏడెనిమిదేళ్లలోపు మొదలుపెడితే ఫలితం బాగుంటుంది. దాటిపోయిందని మాత్రం మీకు మీరే తీర్మానించుకోవద్దు, పదేళ్ల పిల్లలు బాగుపడటమూ ఉంది.

మొదటి వారం మా ఇంట్లో యుద్ధమే. ప్యాచ్ వేయగానే పిల్ల గుడ్డిదైపోయినట్టు కదలకుండా కూర్చునేది. తర్వాత మేము కనిపెట్టిన సంగతులివి. ప్యాచ్ చర్మానికే అతికించాలి, కళ్లజోడు దాని మీద పెట్టాలి. అద్దానికి గుడ్డ కట్టినట్టు వేస్తే పక్కనుంచి చూస్తారు. వేళ మార్చకూడదు, మాది సాయంత్రం నాలుగు నుంచి ఆరు. ఆ రెండు గంటల్లో ఇష్టమైన పనులే: బియ్యంలో రాళ్లు ఏరడం, పూసలు గుచ్చడం, ముగ్గు చుక్కలు కలపడం. బియ్యంలో రాళ్లు దొరక్కపోతే నేనే పెసరగింజలు కలిపేదాన్ని. మొదట్లో పళ్లెం మీదికి వంగి వేలితో తడుముతూ ఏరేది. నాలుగో నెల వచ్చేసరికి నిటారుగా కూర్చునే గింజ తీసింది. డాక్టరు చెప్పే అంకెల కంటే ముందు నాకు అదే తెలిసింది.

ప్యాచ్ వేస్తున్నంత కాలం చెప్పిన గడువుకు తప్పక వెళ్లాలి. అతిగా మూస్తే మంచి కన్ను చూపు కూడా తగ్గవచ్చు. బాగైందని ఒక్కసారిగా ఆపేస్తే చూపు మళ్లీ జారవచ్చు. మాకు దాదాపు రెండేళ్లు పట్టింది. ఎడమ కన్ను 6/36 నుంచి 6/9కి వచ్చింది. అంటే మంచి చూపున్నవాళ్లకు 36 మీటర్ల నుంచి ఆనే అక్షరం మొదట్లో ఆ కంటికి 6 మీటర్ల దగ్గరే ఆనేది; ఇప్పుడు 9 మీటర్ల అక్షరం కూడా ఆనుతోంది.

ఏడో మెట్టు: మైనస్ పెరగకుండా

మైనస్ సైటులో కనుగుడ్డు పొడవుగా సాగుతుంది. సాగినది మళ్లీ కుంచించుకోదు, కాబట్టి పెరుగుదలను నెమ్మదింపజేయడమే చేయగలిగింది. అందరికీ అందుబాటులో ఉన్న మందు ఆరుబయట వెలుతురు. తైవాన్ బడుల్లో 2010 నుంచి పిల్లలను రోజుకు 120 నిమిషాలు బయట గడిపించే కార్యక్రమం పెట్టాక, ఏళ్ల తరబడి పెరుగుతూ వచ్చిన సైటు సమస్య తగ్గుముఖం పట్టింది. మండుటెండ అవసరం లేదు. ట్యూబ్‌లైటు గదిలో వెలుతురు కొన్ని వందల లక్సులైతే వేపచెట్టు నీడలో కూడా వేలల్లో ఉంటుంది. మన వేసవిలో పొద్దున గంట, సాయంత్రం గంట సరిపోతాయి. పొద్దున్నే బడి, సాయంత్రం ట్యూషన్, రాత్రి ఇంటిపని అనే దినచర్యలో ఆ రెండు గంటలు ఎక్కడ దూరతాయంటే, నా జవాబు ట్యూషన్ దగ్గరే.

చదివేటప్పుడు పుస్తకానికీ కంటికీ మధ్య పిల్ల మోచేతి నుంచి పిడికిలి వరకు ఉన్నంత దూరం ఉండాలి. గడ్డం కింద పిడికిలి, మోచేయి పుస్తకం మీద పెట్టించి కొలవండి. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరాన ఉన్నదాన్ని 20 సెకన్లు చూడటం మంచి అలవాటు. రెండేళ్లలోపు ఫోను అసలు వద్దు, రెండు నుంచి ఐదేళ్ల మధ్య రోజుకు గంటకు మించవద్దు. అన్నం తినిపించడానికి ఫోను ఇచ్చే ఇళ్లలో ఈ లెక్క మొదటి ముద్దకే తప్పుతుందని నాకు తెలుసు.

ఏటా అర పాయింటుకు మించి మైనస్ పెరుగుతుంటే, తక్కువ మోతాదు అట్రోపిన్ చుక్కల గురించి డాక్టరును అడగండి. హాంకాంగ్‌లో జరిగిన పరిశోధనలో 0.05 శాతం మందు 0.01 శాతం కంటే బాగా పనిచేసింది. ఏది సరిపోతుందో డాక్టరు చెబుతారు. మునగాకు, తోటకూర, బొప్పాయి, గుడ్డు తప్పక పెట్టండి. క్యారెట్లు తింటే కళ్లజోడు పోతుందని ఎవరైనా చెబితే క్యారెట్లు తినండి, కళ్లజోడు తీయకండి.

దురద, దెబ్బ

ఎండలు ముదిరేసరికి కొందరు పిల్లలు కళ్లు పిచ్చిగా నలుపుకుంటారు. అది అలర్జీ. పోయినేడాది వాడిన చుక్కల సీసా చూపించి మందుల షాపులో మళ్లీ కొనడం చాలా ఇళ్లలో జరుగుతుంది. అందులో స్టెరాయిడ్ ఉంటే దురద గంటలో పోతుంది, నెలల తరబడి వాడితే గ్లకోమా, శుక్లం రావచ్చు. ప్రతిసారీ కొత్త చీటీ మీదే కొనండి. నలుపుకోకుండా తడిగుడ్డ చల్లగా వేయండి, నలపడం వల్ల నల్లగుడ్డు పలచబడి ముందుకు ఉబ్బవచ్చు.

చీపురుపుల్లల బాణాలు, గిల్లీదండ, దీపావళి చిచ్చుబుడ్లు మనకు తెలిసినవే. తెలియనిది కిళ్లీల కోసం అమ్మే సున్నం ప్యాకెట్టు. పిల్లలు నొక్కి ఆడుతుంటే అది చిట్లి నేరుగా కంట్లో పడుతుంది. అప్పుడు ఆసుపత్రికి పరుగెత్తే ముందే కుళాయి కింద, రెప్పలు విప్పి పట్టుకుని అరగంటసేపు కడగాలి. పిల్ల ఎంత ఏడ్చినా ఆపవద్దు. రెప్పల కింద ఉండిపోయిన సున్నపు ముక్కలు కూడా పోవాలి. పుల్లో మేకో గుచ్చుకుంటే మాత్రం దీనికి పూర్తిగా వ్యతిరేకం: కడగవద్దు, లాగవద్దు, నొక్కవద్దు. ప్లాస్టిక్ కప్పు బోర్లించి ప్లాస్టరు వేసి తీసుకెళ్లండి. మత్తు ఇవ్వాల్సి రావచ్చు కాబట్టి దారిలో ఏమీ తినిపించవద్దు.

ఇంట్లో ఒక ఫైలు పెట్టండి. ప్రతి చీటీ, ప్రతి పరీక్ష తేదీ, వాడిన చుక్కల పేర్లు అందులో ఉండాలి. పాత కళ్లజోడు కూడా పారేయకండి. ఏ ఆసుపత్రికి వెళ్లినా డాక్టరు అడిగే మొదటి ప్రశ్న "పాత నంబరు ఎంత?" అనే.